నప్పినాది

చర్మం డాక్టరమ్మ చీటీ మీద రాసిచ్చింది:
పొద్దున ఒకటి, రాత్రి ఒకటి,
మధ్యలో టోపీ.

ఇరవై తొమ్మిదేళ్ళు సర్వే గొలుసు పట్టుకుని
కాపులుప్పాడ గుట్టల మీద, గంభీరం గట్ల మీద
భూమి కొలతలు తీసినవాణ్ణి.
నా తల కొలత నాకు తెలీదు.

మే నెల. పదకొండయింది.
చొక్కా వీపుకి అంటుకుని ఊడి రావట్లేదు.
కురుపాం మార్కెట్ మలుపులో
పెద్ద గొడుగు కింద నూకరత్నం,
గొడుగు ఊచలకి వేలాడుతూ టోపీలు,
ఆవిడ ఒళ్ళో ఓ లారీ పక్కద్దం.

"ఏదో ఒకటి ఇవ్వమ్మా, ఎండాగితే చాలు."
ఇవ్వలేదు.
పండుగప్ప మొప్ప ఎత్తి చూసే బేరగత్తెలా
నా మొహం వైపే చూస్తూ కూచుంది.

"గుండ్రటి మొకం బావూ మీది.
ఈ గిన్నె టోపీ ఎడితే గుమ్మడికాయ మీద మూకుడే.
నెత్తి దగ్గర ఎత్తుండాల.
అంచు బుజాలు దాటకూడదు.
కనుబొమ్మ మీద రెండేళ్ళు ఒగ్గీయాల."
చెబుతూ చెబుతూనే నా నుదుటి మీద
రెండు వేళ్ళు అడ్డంగా ఆనించింది,
నేను గట్టు మీద కర్ర ఆనించినట్టే.
ఆ వేళ్ళకి ప్లాస్టిక్ కవర్ల వాసన.

మొదటిది తెల్లది, అంపైరుది.
ఎవరైనా వచ్చి తీర్పు చెప్పమంటారేమోనని భయమేసింది.
రెండోదాంట్లో చెవులు రెండూ
బస్సు తలుపుల్లా బయటికొచ్చాయి.
పచ్చ గళ్ళది పెడితే
అప్పులు ఎగ్గొట్టి గోవా పారిపోయినవాణ్ణి.
నాలుగోది బావుంది గానీ మా తోడల్లుడికి అలాంటిదే ఉంది.

ఎండాగితే చాలన్నవాణ్ణి
గంటంపావు నిలబడ్డాను అక్కడ, ఎండలో.

ఇన్నేళ్ళలో నాకు టోపీ పెట్టినవాళ్ళున్నారు.
చిట్టీల గవర్రాజు,
మధురవాడలో చెరువుని ప్లాటని చూపించిన పెద్దమనిషి,
ఇద్దరు ముగ్గురు పై ఆఫీసర్లు.
ఒక్కడూ ముందు అద్దం చూపించలేదు.

ఏడోది ఎండుగడ్డి రంగు, నల్ల పట్టీ.
పెట్టి, కుడివైపు వీసమెత్తు దించి,
వెనక్కి జరిగి, ఏమీ అనలేదు నూకరత్నం.
పక్కన సోడా బండి కుర్రాడు
గోలీ మీద బొటనవేలు అలాగే ఉంచి చూశాడు.
"నప్పినాది" అంది అప్పుడు.
రేటు చెప్పే గొంతు వేరేగా ఉంటుంది ఆవిడకి.

నిజం చెప్పొద్దూ,
పెళ్ళిచూపుల తర్వాత
నా మొహాన్ని అంతసేపు చూసినవాళ్ళు లేరు.
నేనూ చూడలేదు.
గడ్డం గీసుకునేవాడు గడ్డాన్నే చూస్తాడు.

రెండొందల ఎనభై.
బేరమాడితే టోపీకి వినిపిస్తుందనిపించింది.

సాయంత్రం బీచ్ రోడ్డుకెళ్ళాను.
పనేమీ లేదు. టోపీ ఉంది.
యారాడ కొండ నెత్తిన ఓ చిన్న మబ్బు,
కాస్త కుడివైపుకి.
తోటివాడికి ఊపినట్టు తలూపానో లేదో
సముద్రం గాలి ఎగరేసుకుపోయింది,
సబ్‌మెరైన్ దాకా.
యాభై ఆరేళ్ళ మోకాళ్ళు వెనక పరిగెత్తాయి.

ముంత మసాలా గుంటడు ఒంటిచేత్తో పట్టి
ముందు తన నెత్తిన పెట్టుకున్నాడు.
పాడుగాను, వాడికే బావుంది.
ఇమ్మనడానికి నాకు కొంచెం టైము పట్టింది.

మర్నాడు మళ్ళీ కురుపాం మార్కెట్.
"గాలికి నిలవట్లేదమ్మా."
"గాలి మొకం సూసి ఇచ్చినానేటి బావూ,
మీ మొకం సూసి ఇచ్చినాను" అంటూనే
సంచీలో వెతికి పాత బూటు లేసొకటి తీసి,
అంచుకి రెండు చిల్లులు పొడిచి,
గడ్డం కింద ముడేసి, అద్దం ఎత్తింది.

గంగిరెద్దులా ఉన్నాను.
సోడా కుర్రాడు నవ్వు దాచుకోలేదు.

ముడి విప్పమనలేదు నేను.
కుడివైపు వీసమెత్తు
నేనే దించుకున్నాను.